ఆరు గ్రాముల తేడా

"ఏడు గ్రాముల మనిషి దినాం రెండేసి సిమెంటు బస్తాలు మోస్తడా సారూ? నువ్వే చెప్పు."

పొద్దున తొమ్మిదింటికి మాదాపూర్‌లో కూలీల రేకుల షెడ్డు ముందు కూర్చుని చంద్రమ్మ అడిగిన ప్రశ్న అది. మధ్యాహ్నం పన్నెండున్నరకు పెద్ద దవాఖాన లేబరేటరీ మెట్లెక్కే వేళకు కూడా డిటెక్టివ్ లక్ష్మీనారాయణకు దానికి జవాబు దొరకలేదు. పదహారేళ్ళు పోలీసుశాఖలో, ఆరేళ్ళు సొంత ఏజెన్సీలో పనిచేసినవాడు. ఎందరో సాక్షుల నోళ్ళు మూయించాడు గానీ, సాక్షి అడిగిన ప్రశ్నకు తానే నోరు వెళ్ళబెట్టడం ఇదే మొదలు.

జరిగింది చెప్పుకోవాలంటే నాలుగు ముక్కలే. మంగళవారం పొద్దున పదింబావుకు, కొత్తగా లేస్తున్న కంప్యూటర్ కంపెనీ భవనం మూడో అంతస్తు పరంజా మీంచి చంద్రమ్మ భర్త మల్లయ్య కింద పడ్డాడు. పన్నెండున్నరకు ఈ దవాఖానలోనే ప్రాణం పోయింది. ఆ సైటులో ఒక కట్టుబాటు ఉంది. నిరుటి ఎండాకాలంలో ఒక కూలీ కళ్ళు తిరిగి పడ్డప్పటినుంచి, ప్రతి మంగళవారం పనిలోకి దిగేముందు అందరి వేళ్ళూ పొడిచి రక్తం చూస్తారు. హీమోగ్లోబిన్ పది గ్రాములు దాటితేనే పరంజా ఎక్కాలి. తగ్గినవాళ్ళు కిందే ఇసుక జల్లెడ పట్టుకోవాలి. ఆ రోజు ఎనిమిదీ ఇరవైకి మల్లయ్య రక్తం చూసిన టెక్నీషియన్ రోహిణి, రిజిస్టరులో పదమూడు అని రాసింది. పదకొండూ యాభైకి ఈ దవాఖాన యంత్రం ఏడు అంది.

ఆ తేడా ఎలా వచ్చిందో తేల్చమని కంపెనీవాళ్ళు లక్ష్మీనారాయణను పెట్టుకున్నారు. రెండు రోజుల్లో తేల్చేశాడు మహానుభావుడు! తొందరలో ఆ పిల్ల తప్పు చదివింది, రక్తం లేని మనిషిని పైకెక్కించింది, అతను కళ్ళు తిరిగి పడ్డాడు అని మూడు పేజీల రిపోర్టు రాసి సంతకం గీకాడు. దాన్ని చేత పట్టుకునే సి.ఐ. బాలనర్సయ్య నిన్న సాయంత్రం రోహిణిని అరెస్టు చేశాడు. ఇవాళ ఐదింటికి మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. నానక్‌రామ్‌గూడ పిల్ల, ఇరవై మూడేళ్ళది. కేసు రుజువైతే జైలు సంగతి అటుంచి, కష్టపడి తెచ్చుకున్న ఆ టెక్నీషియన్ సర్టిఫికెట్టు చిత్తుకాగితమైపోతుంది.

లేబరేటరీ చూసుకునే కమలమ్మ గుంటూరు వైపు మనిషి. కాపురం కూకట్‌పల్లిలో. ఇరవై ఏళ్ళుగా రక్తాలు చూసి చూసి ఎవరి మొహం చూసినా ముందు కనురెప్పల లోపలి ఎరుపు వెతుక్కునే అలవాటు పడింది.

"మీ యంత్రం తప్పు చెప్పే వీలుందా కమలమ్మగారూ?" అన్నాడు లక్ష్మీనారాయణ.

"ఎందుకుండదండీ? అందుకే రోజూ పొద్దున ఎనిమిదింటికి లెక్క తెలిసిన రక్తం పోసి దాన్ని పరీక్ష పెడతాం. మంగళవారం పన్నెండు పాయింట్ ఒకటి రావాలి, పన్నెండు వచ్చింది. పుస్తకం చూస్తారా?"

చూశాడు. తేదీ, టైము, సంతకం అన్నీ ఉన్నాయి.

"అయితే రోహిణి వాడే గాజుగొట్టందే తప్పు."

"అలా తేల్చేశారా? కూర్చోండి. వేలివ్వండి."

కమలమ్మ బీరువాలోంచి పాత సామాను తీసింది. రోహిణి వాడేదీ అలాంటిదే. రెండు గోధుమరంగు గాజుకడ్డీల మధ్య నిలబెట్టిన సన్నటి గొట్టం. అందులో కాస్త ఆసిడ్ పోసి, లక్ష్మీనారాయణ వేలినుంచి పీల్చిన రక్తం వదిలింది. రక్తం నల్లబడి గోధుమరంగుకు తిరిగింది. గోడ గడియారం చూసి, మూడు నిమిషాలకు చుక్కచుక్కగా నీళ్ళు కలుపుతూ పోయి, గొట్టం రంగు కడ్డీల రంగుతో కలిసిన చోట ఆగింది.

"ఎంతుందో మీరే చదవండి."

"పదిన్నర."

"ఇప్పుడు కదలకుండా కూర్చోండి."

పది నిమిషాలయ్యాక చూస్తే గొట్టంలో రంగు ఇంకా చిక్కబడింది. కడ్డీలతో కలపడానికి మళ్ళీ నీళ్ళు పొయ్యాల్సొచ్చింది. ఈసారి గీత పన్నెండూ ముప్పాతిక దగ్గర ఆగింది. ఆ తరవాత అతని నరంనుంచి రక్తం తీసి యంత్రానికి పెట్టింది. పదమూడున్నర.

"చూశారుగా? ఒక మనిషి, ఒక పూట, మూడు లెక్కలు. వేలి రక్తం వేరు, నరం రక్తం వేరు. గొట్టాన్ని కన్ను చదువుతుంది, యంత్రంలో దీపం చదువుతుంది. కడ్డీల రంగు వెలిసిపోతే ఇంకో తేడా. పది నిమిషాలు ఆగి చదివితే ఇవన్నీ కలిపినా అర గ్రాము, ఒక గ్రాము, మహా అయితే ఒకటిన్నర. ఆరు గ్రాములు మాత్రం ఏ గొట్టం తేడా కాదండి."

లక్ష్మీనారాయణ చూపు గొట్టం మీదే ఉండిపోయింది. "బుధవారం చేసి చూపించమంటే ఆ పిల్ల మూడు నిమిషాలకే చదివింది, కళ్ళారా చూశాను. అందుకే ఎక్కువ రాసిందనుకున్నాను."

"తొందరపడితే తక్కువ వస్తుందండి. ఎక్కువెలా వస్తుంది? ఆ పిల్ల నిజంగా తొందరపడి చదివితే మల్లయ్యకు పదమూడు కన్నా ఇంకా ఎక్కువే ఉండాలి."

అతనికి బుధవారం మధ్యాహ్నం గుర్తొచ్చింది. 'సార్, తొందరగ చూస్తే...' అని రోహిణి ఏదో చెప్పబోయింది. 'సాకులొద్దమ్మా' అని చెయ్యెత్తి ఆపేశాడు. ఆ చెయ్యి విరగ్గొట్టుకోవాలనిపించిందతనికి.

"మల్లయ్య కాగితం మొత్తం చదివారా?" అంది కమలమ్మ.

"హీమోగ్లోబిన్ చదివాను."

"దాని కింద ఇంకో రెండు వరసలున్నాయి కదండీ."

నిజమే, ఉన్నాయి. తెల్లకణాలు మూడువేల తొమ్మిదొందలు. ప్లేట్‌లెట్లు లక్షా పదివేలు. రిపోర్టు రాసినప్పుడు లక్ష్మీనారాయణ వాటిని చూడను కూడా లేదు.

"రక్తహీనతైతే ఎర్రకణాల లెక్క ఒక్కటే తగ్గుతుంది. అంత దెబ్బ తగిలిన మనిషికి తెల్లకణాలు పెరగాలి. ఈయనకి అన్నీ ఒకేలా సగానికి పడ్డాయి. పాలల్లో నీళ్ళు పోస్తే ఎలా ఉంటుందో అలాగ." కమలమ్మ మూలనున్న ట్రేలో వెతికి ఇంకో చీటీ తీసింది. "ఇది అదే రక్తానికి చేసిన షుగరు పరీక్ష. మర్నాడొచ్చింది. ఎవరూ పట్టుకెళ్ళలేదు. పోయినవాళ్ళ కాగితాలకోసం ఎవరొస్తారండీ?"

చీటీ మీద అంకె చూసి లక్ష్మీనారాయణ ఉలిక్కిపడ్డాడు. వందా, నూటయాభై ఉండాల్సిన చోట రెండువేలు దాటింది.

క్యాజువాలిటీ పుస్తకం తెప్పించుకుంటే మిగతాది బయటపడింది. పదకొండున్నరకు మల్లయ్యను తెచ్చారు. కుడిచెయ్యి రెండుచోట్ల విరిగింది. పదకొండూ ముప్ఫయ్యయిదుకు ఎడమచేతికి గ్లూకోజు సీసా పెట్టారు. పదకొండూ యాభైకి పరీక్షకు రక్తం తీశారు, అదే ఎడమచేతినుంచి. పాపం, ఆ నర్సు ఒక్కతే, మంచాలు మూడు.

"యంత్రం అబద్ధం చెప్పలేదండి," అంది కమలమ్మ. "సగం రక్తం, సగం గ్లూకోజు పోశాం. పోసిందానికి లెక్క చెప్పింది. నేనైనా మంగళవారమే ఆ మూడు వరసలూ కలిపి చూడాల్సింది. చూసుంటే ఆ పిల్ల ఇవాళ స్టేషన్లో ఉండేది కాదు." కళ్ళజోడు తీసి తుడుచుకుంది గానీ మళ్ళీ పెట్టుకోలేదు.

లక్ష్మీనారాయణ కాగితాలన్నీ జేబులో కుక్కుకుని మెట్లు దిగాడు. మల్లయ్యకు రక్తం నిండుగా ఉంది. అంటే కళ్ళు తిరగలేదు. మరెందుకు పడ్డాడు?

మూడింటికి సైటు గేటు దగ్గర స్కూటరాపి, వాచ్‌మన్ రాసే బండ్ల పుస్తకం తిరగేశాడు. మంగళవారం పొద్దున తొమ్మిదినుంచీ కంపెనీ జీపు లోపలే ఉంది. మల్లయ్యతో బయటికి వెళ్ళింది పదకొండూ ఐదుకు. పదింబావుకు పడ్డ మనిషిని యాభై నిమిషాలు ఎండలో పడుకోబెట్టారన్నమాట.

సూపర్‌వైజర్ మహేందర్ ఎదురొచ్చాడు. ముప్పయ్యేళ్ళవాడు, నడుముకు పేజరు, మొహాన పలకరింపు నవ్వు.

"ఏంది సార్, మల్లొచ్చిన్రు? కేసు ఒడిసిపాయె కద."

"జీపు ఉండగా యాభై నిమిషాలెందుకు ఆపారు?"

"డ్రైవర్ దొరకలే సార్. చాయ్‌కి పోయిండు."

"యాభై నిమిషాల చాయా?"

మహేందర్ నవ్వు కాస్త తగ్గింది. "మీరేమో గా పోరిదే తప్పని రాసిన్రు. ఇప్పుడు నన్నెందుకు పరేషాన్ చేస్తున్నరు?"

లక్ష్మీనారాయణ పరంజా వైపు నడిచాడు. వెదురు బొంగులు నిలువునా అడ్డంగా పెట్టి తాళ్ళతో కట్టిన కట్టడం అది, నాలుగంతస్తుల ఎత్తుంది. పైన గోడకు సిమెంటు పూసి గిలాబు చేస్తున్నారు. తల మీద సిమెంటు పెళ్ళ రాలితే దులుపుకుని పైకి చూశాడు. "నమస్తే సారూ," అని పైనుంచి ఎవరో చెయ్యూపారు. చంద్రమ్మ తమ్ముడు ఎల్లేశం.

"మల్లయ్య ఊరోళ్ళే పైనున్నరు, పదకొండు మంది," అన్నాడు మహేందర్. "ఆరింటి దాక పని నడుస్తది. జర తొందరగ చూసుకోండ్రి."

మల్లయ్య నిలబడ్డ చోటు మూలనుంచి మూడో వరస. నిచ్చెనెక్కి దగ్గరికెళ్ళి చూశాడు. అక్కడ నాలుగు ముళ్ళు, నాలుగూ కొత్త తాళ్ళతో వేసినవి.

"ఇవెప్పుడు కట్టారు?"

"గవా? పది దినాలైంది."

"ఇక్కడ గిలాబు ఎప్పుడు చేశారు?"

"మంగళారం పొద్దుగాల్నే. మల్లయ్య చేస్తుండె. పడ్డంక ఆ గోడ ముట్టలే."

లక్ష్మీనారాయణ ముడిని వేలితో కాస్త జరిపాడు. తాడు కింద వెదురు మీద సిమెంటు తుంపరలు గట్టిగా ఎండిపోయి ఉన్నాయి. తాడు మీద చుక్క కూడా లేదు.

"పది రోజులనాడు కట్టిన తాడైతే మంగళవారం తుంపరలు దాని మీద పడాలి మహేందర్. దాని కిందికెలా పోయాయి?"

 మహేందర్ పేజరు మోగకపోయినా తీసి చూసుకున్నాడు.

"తాడు తెగింది. మల్లయ్య పడ్డాడు. జీపుని ఆపి, కొత్త తాళ్ళు కట్టించి, అప్పుడు దవాఖానకు పంపావు. దవాఖానలో ఏడు అని వచ్చేసరికి నీ నెత్తిన పాలు పోసినట్టయింది. అంతేనా?"

"నాకేం ఎర్క లేదు. మా సార్లతోని మాట్లాడుకోండ్రి," అంటూ మహేందర్ గబగబా ఆఫీసు షెడ్డు వైపు వెళ్ళిపోయాడు.

ఇన్నాళ్ళకు కేసు కొస దొరికింది! స్కూటరు తన్నుతూ లక్ష్మీనారాయణ ఒక్క నిమిషం సంబరపడ్డాడు కూడా. ఆ నిమిషానికి తరవాత ఎంత ఏడ్చుకున్నాడో అతనికే తెలుసు.

స్టేషన్‌కు చేరేసరికి నాలుగూ ఇరవై. బాలనర్సయ్య, అతనూ ఒకే బ్యాచ్ ఎస్సైలు. ఒకే కేసులో చెరోవైపు నిలబడి చెడ్డారు. లక్ష్మీనారాయణ ఉద్యోగం వదిలాడు, బాలనర్సయ్య సి.ఐ. అయ్యాడు. అప్పటినుంచీ ఇద్దరికీ మాటల్లో ముల్లు లేకుండా ఉండదు.

"రా డిటెక్టివ్! శబాష్ అందామనుకుంటున్న, నువ్వే వచ్చినవ్."

"ఆ అమ్మాయిని వదిలెయ్ నర్సన్నా. నా రిపోర్టు తప్పు."

బాలనర్సయ్య కుర్చీలో వెనక్కి వాలాడు. "ఏందీ?"

లక్ష్మీనారాయణ కాగితాలన్నీ బల్ల మీద పరిచి, గ్లూకోజు సీసానుంచి సిమెంటు తుంపరల దాకా ఒక్కొక్కటీ టైముతో సహా చెప్పాడు. బాలనర్సయ్య చివరిదాకా విన్నాడు. విని, సొరుగులోంచి మూడు పేజీలు తీసి అతని ముందు పడేశాడు.

"గీ సంతకం ఎవలది?"

"నాదే."

"చదువు. గట్టిగ చదువు, కానిస్టేబుళ్ళు గూడ ఇనాలె. 'రెండు పరికరాల మధ్య ఇంత తేడా రావడానికి టెక్నీషియన్ తొందరపాటు తప్ప మరో కారణం లేదు.' ఎవలు రాసిన్రు? నేను రాసిన్నా? మొన్న గిట్లనే బల్ల గుద్ది చెప్పినవ్. ఇయ్యాల గట్ల గుద్దుతున్నవ్. రేపింకేం చెప్తవో!"

"తిట్టు. పడతాను. కానీ షుగరు చీటీ నేను రాయలేదు కదా. దాన్ని చూడు."

"చూసిన." బాలనర్సయ్య గొంతు కొంచెం దిగింది. చీటీ ఎత్తి వెలుతురుకేసి పట్టుకుని మళ్ళీ చూశాడు. "చూసినా ఇప్పుడేం లాభం లేదే. ఆ పిల్ల ఒప్పుకున్నది. రెండు గంటలకు కాయితం మీద సంతకం పెట్టింది. మేజిస్ట్రేటు ముంగట గూడ గదే చెప్తనన్నది."

"ఒప్పుకుందా? కొట్టారా?"

"థూ, ఏం మాటలవి! చెయ్యి గూడ ఎత్తలే. నీ పేరే చెప్పింది. 'లక్ష్మీనారాయణ సార్ ఒప్పుకో అన్నరు, తేలికగ పోతదన్నరు' అని."

నిజమే, అన్నాడు. బుధవారం వెళ్ళబోతూ, తనేదో మేలు చేస్తున్నట్టు, 'ఒప్పుకో అమ్మా, చిన్నపిల్లవి, తేలిగ్గా పోతుంది' అని భుజం తట్టి మరీ చెప్పాడు. ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చి ప్రాణం చచ్చిపోయినట్టయింది.

"ఒక్కసారి మాట్లాడనీ నర్సన్నా. కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

బాలనర్సయ్య ఏ కళనున్నాడో, ఒక మాటైనా వెటకారం చెయ్యకుండా కానిస్టేబుల్‌కు సైగ చేశాడు.

రోహిణి వచ్చి గోడకానుకుని నిలబడింది. నిన్నటి చీరే. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అమ్మా, నీ లెక్క నిజం," అన్నాడు లక్ష్మీనారాయణ. "నీ గొట్టం తప్పు చెప్పలేదు. యంత్రానికి పెట్టిన రక్తంలో గ్లూకోజు కలిసింది. నువ్వు చెప్పబోతే వినలేదు చూడు, తప్పంతా నాది. ఆ కాగితం వెనక్కి తీసుకో. కోర్టులో నేనొచ్చి చెప్తాను."

"నాకెరుకే సార్, పదమూడే అని."

"తెలిసీ మరి ఎందుకు సంతకం పెట్టావు?"

"నేనే సంపిన సార్ ఆయనను."

బాలనర్సయ్య చేతిలో పెన్ను ఆగింది.

"మంగళారం పొద్దుగాల మల్లయ్య కాక నా ముంగట కూసుండి వేలు చాపిండు," అంది రోహిణి. కొంగు కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చెప్పింది. "ఎవలకు ఇనబడకుంట అడిగిండు. 'బిడ్డా, జర ఏడో ఎనిమిదో రాయి. గీ ఒక్క వారం కింద పనిచేస్త. గా తాళ్ళు సున్నం తిని కుళ్ళిపోయినయి. మార్చుమని మహేందర్‌ను అడిగితే, బుగులుంటే ఇంటికి పో అన్నడు' అని. తక్కువ రాస్తే పైకెక్కనియ్యరు కద సార్, గందుకని."

"నువ్వేమన్నావు?"

"'కాకా, నేను దొంగ లెక్క రాయ' అన్న. కొత్త నౌకరి సార్. సర్టిఫికెట్టు పోతదేమోనని భయమైంది. గొట్టం ఎత్తి చూపించిన, ఇగో పదమూడు ఉన్నది, నీకేం ఫికర్ లేదు అని. నవ్విండు. 'సరే బిడ్డా, రక్తం మంచిగనే ఉన్నదంటివి' అనుకుంట ఎక్కిండు."

రోహిణి కొంగు వదిలేసి తలెత్తింది.

"మీరంత ఏడును పదమూడు రాసిన అంటున్నరు. నేను పదమూడును ఏడు రాయకపోతిని సార్. రాస్తే బతుకుతుండె."

లక్ష్మీనారాయణ మొహం తిప్పుకున్నాడు. ఇన్నేళ్ళలో ఎందరి కన్నీళ్ళు చూసినా తన కళ్ళు తడవలేదు. ఇవాళ తడిశాయి, దాచుకోవాలని కూడా అనిపించలేదు. చక్కగా పనిచేసిన పిల్ల. ఆ పిల్ల మాట ఒక్క నిమిషం వినుంటే బుధవారమే మహేందర్ దొరికేవాడు. ఎందుకు వినలేదు? మూడు నిమిషాల గొట్టం చూసి అంతా తెలిసిపోయిందనుకున్నాడు.

ముందుగా తేరుకున్నది బాలనర్సయ్యే. ఒప్పుకోలు కాగితం ఫైల్లోంచి తీసి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "తాళ్ళన్నవ్ కద బిడ్డా. కాక నిలబడేటి కాడి తాళ్ళేనా?"

"కాదు సార్. ఒక్క తాన గాదు, మొత్తం గట్లనే ఉన్నయన్నడు."

లక్ష్మీనారాయణకు ఆ పరంజా కళ్ళ ముందు మెదిలింది. కొత్త ముళ్ళు నాలుగు. నాలుగే. మిగతావన్నీ సున్నం పట్టి బూడిదరంగులో ఉన్నాయి. వాటి మధ్యనుంచే నిచ్చెనెక్కాడు, వాటిని పట్టుకునే దిగాడు. మహేందర్‌ను పట్టేశానన్న సంబరంలో ఒక్క ముడిని కూడా నొక్కి చూడలేదు. మల్లయ్య కాగితంలో ఒక్క వరసే చదివాడు. పరంజాలోనూ ఒక్క వరసే చూసి వచ్చేశాడు. తల మీద సిమెంటు పెళ్ళ రాలితే దులుపుకుని, చెయ్యూపిన ఎల్లేశానికి దణ్ణం పెట్టి వచ్చాడు.

"నర్సన్నా, పైన పదకొండు మంది ఉన్నారు. చంద్రమ్మ తమ్ముడూ ఉన్నాడు."

"టైమెంత?"

"ఐదు కావస్తోంది. పని ఆరింటిదాకా."

బాలనర్సయ్య టోపీ అందుకుని "జీపు తియ్!" అని అరుస్తూ బయటికి పరుగెత్తాడు. లక్ష్మీనారాయణ బల్ల మీది ఫోన్ లాక్కుని సైటు ఆఫీసు నంబరు తిప్పాడు. రోహిణి గోడ వదిలి అతని పక్కకొచ్చి నిలబడింది. అవతల గంట మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తడం లేదు.